నవంబరు ఆరు, కుడివైపు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి వాలుకుర్చీలో నడుం వాల్చబోతుంటే దుర్గ వచ్చింది. దుర్గ అంటే మా ఊళ్లో కొబ్బరిచెట్లెక్కే అప్పన్న కూతురు. అప్పన్న పోయేనాటికి ఆ పిల్లకి ఐదేళ్లు. ఇప్పుడు అమలాపురంలో టీచరు ట్రైనింగు చదువుతూ, పాఠం చెప్పడం అలవాటు చేసుకోవడానికి మా ఊరి హైస్కూల్లోనే రెండు నెలలు పనిచేస్తోంది. చేతిలో నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. దాని వాసన గుమ్మం దాటి లోపలికి రాగానే నా నిద్ర ఎగిరిపోయింది. పాత జిగురు, సుద్దపొడి, కొంచెం పొడుం. లైబ్రరీ మేస్టారి వాసన.

"మేస్టారు పోయేక వారి కోడలుగారు పాత పేపర్లవాడికి వేసేస్తున్నారండీ. అడిగి తెచ్చుకున్నాను. స్కూల్లో పొద్దున్న ప్రార్థనప్పుడు ఈ రోజు విశేషాలు రాసే పని నాకిచ్చేరండీ" అంది.

"మంచిది. రాయి మరి."

"ఒక్క పేజీ అర్థం కాలేదండీ. నవంబరు ఆరు." పుస్తకం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మా నాన్న ఆ రోజు మిమ్మల్ని ఏదో అడిగేరంట. ఏమడిగేరండీ? మీరేం చెప్పేరండీ?"

పదమూడేళ్లుగా ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉంది. ఊళ్లో ఎవరడిగినా అదే చెప్పాను. ఆ పిల్ల ముందు మాత్రం అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకో తెలియాలంటే బోర్డు సంగతి చెప్పాలి. నేను నిజం చెప్పినా మా ఇంట్లో వాళ్లు ఒకసారి బయటికి వెళ్లి చూసి వస్తారు. మీరు కూడా అలాగే చదవండి, నాకేం అభ్యంతరం లేదు.

మా లైబ్రరీ కాలవగట్టు మీద ఒంటిగది పెంకుటిల్లు. ఊరివాళ్లు వాళ్లలో వాళ్లు కలిసి పెట్టుకున్నది. ముందు చిన్న అరుగు, అరుగు గోడకు నల్లబోర్డు. కాలవలో నానేసిన కొబ్బరిపీచు కంపు పగలంతా అరుగు మీదే కూర్చునేది. మొదటి బస్సుకు వచ్చిన తడి పేపరు వాసన దాన్ని ఓ గంటసేపు మాత్రం నెట్టగలిగేది. ఆ లైబ్రరీకి గ్రంథపాలకుడు, ఊడ్చేవాడు, కాపలాదారు అన్నీ ముక్తేశ్వర్రావు మేస్టారే. రిటైరైన మనిషి. బండారులంక నేత పంచె మోకాళ్ల పైకి మడిచి కట్టి, చిరిగిన పాత పంచె ముక్కతో బోర్డుని రోజూ దేవుడి విగ్రహాన్ని తుడిచినట్టు తుడిచేవారు. సుద్దముక్కల్ని ముందురోజు పంచదార నీళ్లలో నానబెట్టేవారు. అలా నానిన సుద్దతో రాస్తే అక్షరం ముత్యంలా మెరుస్తుంది, చేయి తగిలినా చెరగదు. దానివల్ల వచ్చిన చిక్కల్లా చీమలు. ఎనిమిది గంటలకల్లా జాతీయోద్యమం మీద గండుచీమలు బారులు తీరి నడుస్తుండేవి. మేస్టారు వాటిని ఎప్పుడూ దులపలేదు. "చదూకోనీరా, నీకన్నా నయం" అనేవారు నాతో.

బోర్డు మధ్యగా నిలువు గీత. ఎడమవైపు 'దేశంలో', కుడివైపు 'మన ఊళ్లో'. ఆ తారీఖున దేశంలో ఏం జరిగిందో పుస్తకాలు చూసి ఎడమవైపు రాసేవారు. అదే తారీఖున మా ఊళ్లో ఏం జరిగిందో ముసలాళ్లని అడిగి కుడివైపు రాసేవారు. దేశంలో ఏదో మహా ఒప్పందం మీద సంతకాలైన రోజున మా ఊళ్లో మునసబుగారి గేదె ఒకే ఈతలో రెండు దూడల్ని వేసింది. రెండింటికీ ఒకే సైజు అక్షరాలు. "దేశానికి రోజూ చరిత్ర ఉంటే మనకి లేదేంటి? గాలికి పుట్టేమా? రోజూ ఏదో జరిగే ఉంటాదిరా, మనమే చూసుకోలేదు" అనేవారు. కుడివైపు రాతకు మాత్రం ఒక నియమం పెట్టారు. ఏ సంగతికైనా కళ్లతో చూసిన సాక్షులు ఇద్దరు కావాలి. ఒక్కడు చెబితే అది కబురు, ఇద్దరు చెబితే చరిత్ర. అలా రుజువైనవన్నీ ఈ నల్ల అట్ట పుస్తకంలో, బోర్డులాగే రెండువైపులుగా, రోజుకో పేజీ చొప్పున, కింద సాక్షుల సంతకాలతో ఎక్కించేవారు.

ఏడాదిలో చాలా రోజులకు కుడివైపు ఖాళీ. ఆ ఖాళీలు నింపే పని నాకు అప్పజెప్పారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయి చాలా కాలమైంది, ఉద్యోగం మాత్రం ఇంకా నా అడ్రసు కనుక్కోలేదు. ముసలాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి, వాళ్ల దగ్గులు విని, తారీఖులు పట్టుకోవడం నావల్ల ఎక్కడవుతుంది? అరుగు మీదే కూర్చుని కల్పించడం మొదలుపెట్టాను. టీ కొట్టు దగ్గర ఎవరో ఇద్దరికి చెరో టీ పోయిస్తే సాక్షులు సిద్ధం. లాకుల దగ్గర దొరగారి గొడుగు కాలవలో పడి, తేలుకుంటూ సఖినేటిపల్లి రేవుకి చేరి, అక్కడ మూడేళ్లు పడవగా జనాన్ని దాటించింది. మా ఊరి ఎద్దు ఒకటి బండినీ యజమానినీ వదిలేసి ద్రాక్షారామం నడిచి వెళ్లి, ప్రదక్షిణ చేసి, పొద్దుగూకేసరికి ఇంటికొచ్చింది. మేస్టారు సాక్షుల పేర్లు అడిగి, కళ్లజోడు మీంచి నన్నోసారి చూసి, "రాయి" అనేవారు. నమ్మారనే అనుకున్నాను. పొద్దున్నే జనం అరుగు దగ్గర ఆగడం మొదలుపెట్టారు. ఎడమవైపు ఎవరూ చూసేవారు కారు. కుడివైపు చదివి, "ఇవాళేం కోసేడండీ మన సత్తిబాబు" అని నవ్వుకుంటూ పొలాలకు పోయేవారు. పొద్దున్నే ఓ ఊరిని నవ్వించడం కన్నా పెద్ద ఉద్యోగం ఏముందని నాకు గర్వంగా ఉండేది.

అప్పన్నకి చదువు ఈ బోర్డు దగ్గరే వచ్చింది. దింపు తీయడానికి, అంటే చెట్టెక్కి కాయలు దించడానికి, పోతూ రోజూ అక్కడ ఆగేవాడు. భుజాన చెట్టెక్కే తాటినార బందం, మొలలో కత్తి, ఒంటి నిండా కొబ్బరిమట్ట గీసిన గీతలు. మేస్టారు ఒక్కో అక్షరం వేలు పెట్టి చూపించేవారు. నాలుగేళ్లకు సొంతంగా కూడబలుక్కోవడం వచ్చేసింది. వాడి మీద ప్రేమ కొద్దీ ఒక ఖాళీ రోజున నేను వాడి తండ్రి నూకరాజుని బోర్డెక్కించాను. 'నేడే మన నూకరాజు ఒక చెట్టెక్కి, నేల మీద కాలు మోపకుండా మట్టల మీదుగా చెట్టు నుంచి చెట్టుకి మారుతూ నూటపదహారు చెట్లు దింపు తీశాడు' అని. అప్పన్న అక్షరం అక్షరం చదివి, నా వైపు తిరిగాడు.

"కతే కదండీ" అన్నాడు.

"కథే."

"అయినా బాగుందండీ. మా అయ్య పేరు ఇంత పెద్దచ్చరాల్తో ఎక్కడా రాయలేదండీ ఎవరూను." వాడు ఆ రోజు దింపుకి పోలేదు. పెళ్లాం మంగనీ, చంకలో పిల్లనీ తీసుకొచ్చి చూపించాడు. సాయంత్రం దాకా బోర్డు పక్కనే కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడు.

ఆ ఏడు దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. మతాబులు, చిచ్చుబుడ్లు అప్పట్లో ఇంట్లోనే చేసుకునేవాళ్లం. మా పెరడంతా సూరేకారం, గంధకం వాసన. మా అమ్మ రోట్లో బొగ్గు నూరి, మసి చేతులతోనే ఆకాశం వైపు చూసి "ఎండెక్కడా, ఎండెక్కడా" అంటూ తిరిగేది. మబ్బు వీడటం లేదు. మా నాన్న తోలుసంచీ రేడియో వార్తల వేళకి చెవికి ఆనించి పెట్టుకునేవాడు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా "మనకి కాదులే, ఒరిస్సాకి" అని కట్టేసేవాడు. మా చిన్నతనం నుంచీ రేడియో తుఫాను అనేది, తుఫాను ఇంకెక్కడికో పోయేది. ఆ బుధవారం పొద్దున్న రేడియో కాకినాడ పేరు కూడా చెప్పింది. నాన్న చెప్పిన మాట మాత్రం మారలేదు. నేను విన్నాను. నమ్మలేదు.

మేస్టారు ముందురోజే ద్రాక్షారామంలో కూతురింటికి వెళ్లారు. ఎడమవైపు ఏం రాయాలో చీటీ ఇచ్చి వెళ్లారు. 'దక్షిణాఫ్రికాలో గనికూలీలతో కలిసి నడుస్తున్న జాతిపితను నేడే అరెస్టు చేశారు.' అది రాశాను. కుడివైపు ఖాళీ. "దొరికితే రాయి, లేకపోతే వదిలెయ్యి" అన్నారు మేస్టారు. వదిలేస్తే ఈ రోజు ఈ చరిత్ర రాసేవాడిని కానేమో. నవ్వుకోవడానికి నిలబడ్డ నలుగుర్నీ ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాలేదు. పంచదార సుద్ద తీసి ఇలా రాశాను. 'నేటి సాయంత్రం మన ఊరి మీదుగా పెనుతుఫాను. చెట్ల కింద ఇళ్లవారు పక్కా ఇళ్లకు పోవలెను.' అడుగున మేస్టారి పద్ధతి ప్రకారం 'సాక్షులు' అని పెట్టి, వాయుదేవుడు, వరుణదేవుడు అని రాశాను. ఆ చివరి ముక్కకి జనం పడిపడి నవ్వారు.

తొమ్మిదింటికి అప్పన్న వచ్చాడు. వాడు నవ్వలేదు. రెండుసార్లు చదివాడు. వాడిల్లు కొబ్బరితోటలో తాటాకుల ఇల్లు, చుట్టూ చెట్లే. ఆకాశం వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు.

"సత్తిబాబుగారండీ, ఇది నిజమేనాండీ? మా అయ్య కతలాంటిదాండీ?"

నలుగురూ నా నోరు చూస్తున్నారు. 'రేడియోలో చెప్పారు, నాకూ తెలీదు' అంటే సరిపోయేది. నాలుగే నాలుగు మాటలు. కానీ అందులో చమత్కారం లేదు.

"మీ అయ్య నూటపదహారు చెట్లు దింపిన మాట ఎంత నిజమో ఇదీ అంత నిజంరా" అన్నాను.

ఇప్పుడు నవ్వాడు. అందరికన్నా గట్టిగా. "ఆయ్, అలాగైతే అవతల తోటలో దింపు ఉందండీ, ఎల్లొత్తాను" అని బందం సర్దుకుని పోయాడు.

మిగతాది మా ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం తిండి తిని మళ్లీ తోటకి పోయిన అప్పన్న తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది, గాలి ముదిరింది. పెళ్లాన్నీ పిల్లనీ పక్కా కట్టడమని చర్చికి చేర్చాడు. కట్టేసి ఉన్న మేకని విప్పుకొస్తానని వెనక్కి వెళ్లాడు. మర్నాడు చూస్తే ఏ చెట్టు వాడి మీద పడిందో చెప్పడానికి కూడా లేదు. నిలబడ్డ చెట్టంటూ ఉంటే కదా. మా పెరట్లో దీపావళి మందు బురదతో కలిసి నల్లగా పారుతోంది. అమ్మ అందులో కూర్చుని ఉంది.

లైబ్రరీ పైకప్పు లేచిపోయింది. పుస్తకాలు ముద్దయ్యాయి. బోర్డు గోడ నుంచి ఊడి, అడుగుభాగం విరిగి, పెంకుల కింద బోర్లా పడి ఉంది. నలుగురు కలిసి తిరగేశారు. పంచదార సుద్ద మాట నిలబెట్టుకుంది. మసకగా అయినా కుడివైపు రాత చదవడానికి వస్తోంది. పెనుతుఫాను, చెట్ల కింద ఇళ్లవారు, పక్కా ఇళ్లు. విరిగిపోయిన అడుగుముక్కతో పాటు దేవుళ్లిద్దరూ సాక్ష్యం చెప్పకుండా కాలవలోకి పోయారు. "అయ్యో, కుర్రోడు ముందే రాసేడు కదండీ" అని ఎవరో అన్నారు. తాము నవ్విన సంగతి ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నవాళ్లకి గుర్తుంచుకోవాలని లేదు. మంగ వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది. "మద్దేనం బువ్వకొచ్చినప్పుడు మిమ్మల్ని అడిగేనని సెప్పేడండీ. నవ్వుకున్నాడండీ. మీరేం సెప్పేరు బాబూ?"

చుట్టూ ఊరు ఊరంతా ఉంది. "నిజమే, జాగ్రత్తరా అన్నానమ్మా. విన్లేదు" అన్నాను.

నా జీవితంలో నేను చెప్పిన కథలన్నిట్లోకీ అందరూ నమ్మింది ఇదొక్కటే. సాక్షులు కూడా అక్కర్లేకపోయింది. కూలిన చెట్ల మీదుగా నడిచి మూడోనాటికి మేస్టారు వచ్చారు. మంగతో మాట్లాడారు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. కొత్త బోర్డు పెట్టలేదు. నేనెదురైతే కళ్లజోడు మీంచి చూసి, కాసేపు నిలబడి, వెళ్లిపోయేవారు. ఎందుకు నిలబడేవారో దుర్గ పుస్తకం తెరిచి చూపించేదాకా నాకు తెలియలేదు.

నవంబరు ఆరు. పేజీలో ఎడమవైపు దక్షిణాఫ్రికా. కుడివైపు మేస్టారి గుండ్రటి రాత. 'తుఫాను సంగతి బోర్డు మీద రాసి ఉన్న మాట వాస్తవం. ఊరంతా చూశారు. అప్పన్న అడిగిన మాటా, వచ్చిన జవాబూ పక్కన విన్నవారెవరూ నోరు విప్పలేదు. మిగిలిన సాక్షులు ఇద్దరే. ఒకరు లేరు. ఒకరు ఇంకా రాలేదు.' కింద ఒక సంతకానికి సరిపడా జాగా.

మిగతా పేజీలు తిప్పాను. గొడుగు లేదు, ఎద్దు లేదు. నా కథలు రాసిన రోజులన్నిటికీ కుడివైపు ఖాళీ. బోర్డు మీదకి రానిచ్చిన పెద్దమనిషి పుస్తకంలోకి ఒక్కదాన్నీ రానివ్వలేదు. అన్నీ తెలిసే నా కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి పోయారు.

"కూర్చో దుర్గా" అన్నాను. పదమూడేళ్ల తరవాత మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు, వాడడిగిన మాట వాడడిగినట్టే చెప్పాను. నేనన్న మాట కూడా.

ఆ పిల్ల మొహం ఒక్కసారి విప్పారింది. "అయితే నిజమనే చెప్పేరన్నమాటండీ! మా తాత నూటపదహారు చెట్లంత నిజం అన్నారు కదా. ఇంకేం కావాలండీ. మా నాన్నే వినిపించుకోలేదు."

"అమ్మా, మీ తాత అలా చెయ్యలేదు. అది నేను కల్పించింది. మనిషన్నవాడు అలా చెయ్యలేడు."

"ఊరుకోండి. మా నాన్న రోజూ పడుకునేటప్పుడు చెప్పేవారండీ నాకు. తాత నేల మీద కాలెట్టకుండా..." వాకిట్లో కొబ్బరిచెట్టు వైపు చూసింది. "నాన్న మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటేనండీ."

"ఇదిగో చూడు, మేస్టారు పుస్తకంలోకి ఎక్కించలేదు. ఖాళీ." ఆ పేజీ తీసి ముందు పెట్టాను.

చూసింది. నవ్వింది. ఆ నవ్వు అప్పన్నదే. "మీకు మా నాన్న మీద మాట పడనివ్వడం ఇష్టం లేదండీ. అందుకని తప్పంతా మీ మీదేసుకుంటన్నారు. అమ్మ ఎప్పుడూ అంటాది, సత్తిబాబుగారు కతలు సెప్తారు గానీ మనసు బంగారమని." సంచీలోంచి పెన్ను తీసింది. "మేస్టారు మర్చిపోయుంటారండీ. మనం ఎక్కిద్దాం." ఖాళీగా ఉన్న కుడివైపు తాత పేరు రాసింది. నూటపదహారు చెట్లు రాసింది. కింద తను సంతకం పెట్టి, రెండో సాక్షి జాగా చూపించి, పెన్ను నా చేతికి అందించింది.

పెట్టాను. ఇంకోసారి కాదంటే వాళ్ల నాన్నలో ఆ పిల్లకి మిగిలిన ఆ కాస్తా పోతుంది. నవంబరు ఆరు పేజీలో కూడా పెట్టాను, ఆ పిల్ల రాసిన వాక్యం కిందే. 'నిజమని చెప్పినారు.' మేస్టారు ఒక సంతకానికి వదిలిన జాగా సరిగ్గా సరిపోయింది.

నిన్న నవంబరు ఆరు. స్కూలుకి రమ్మని కబురు పంపారు. ఈ రోజుల్లో ఏ తారీఖున ఏం జరిగిందో పొద్దున్నే ఫోన్లో మెసేజీ వచ్చి పడుతోంది. మా ఊరి గేదె మాత్రం అందులో ఎప్పుడూ రాదు. ఎవరికీ కుడివైపు లేదు. దుర్గ ఒక్కర్తే గీత గీసి రెండువైపులా రాసింది. ఎడమవైపు జాతిపిత అరెస్టు. కుడివైపు, 'తుఫాను రాకముందే మన ఊరిని హెచ్చరించిన వారు' అని, కింద నా పేరు, గారు కూడా పెట్టి. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మంగ చీరకొంగు కళ్లకద్దుకుంటూ నాకు దండం పెట్టింది.

బోర్డు నాకు చేతికందేంత దగ్గర్లో ఉంది. ఇప్పటి సుద్దకి పంచదార లేదు. ఒక్క చీమ లేదు. ఉత్త పొడిరాత, అరచేతితో ఒక్కసారి తుడిస్తే మొత్తం పోతుంది. రెండు చేతులూ పైకి లేచాయి. జోడించి, అందరికీ నమస్కారం పెట్టాను.